అలజడి సముద్రానిదా, ఇంజన్‌దా? ఓడ ఇంజన్ ఆరోగ్యాన్ని సిమ్యులేషన్‌తో కనిపెట్టే లెక్క

2019 మార్చి 23. నార్వే పడమటి తీరంలో హుస్టాడ్‌వికా అనే చోటు. ఓడలవాళ్లు అక్కడి నీళ్లను తేలిగ్గా తీసుకోరు. తుఫాను గాలుల్లో ‘వైకింగ్ స్కై’ అనే విహార నౌక 1,373 మందితో వెళ్తోంది. తెల్లవారుజాము 5 నుంచి 9 గంటల మధ్య దాని ఇంజన్ కంట్రోల్ రూమ్‌లో ఒకే రకం అలారాలు మోగుతూ వచ్చాయి. ఒకసారి లూబ్ ఆయిల్ (ఇంజన్ భాగాలు ఒరుసుకోకుండా కాపాడే నూనె) పరిమాణం తక్కువని, ఇంకోసారి దాని మట్టం తక్కువని. మొత్తం 18 సార్లు. మోగిన ప్రతిసారీ ‘చూశాం’ అని బటన్ నొక్కారు. కొన్ని సెకన్లలో అలారం దానంతటదే పోయింది. ఓడ ఊగుతుంటే నూనె ఊగదా?

మధ్యాహ్నం 1:58కి నడుస్తున్న జనరేటర్లన్నీ, వాటిని తిప్పే ఇంజన్లతో సహా, ఆగిపోయాయి. ఆ ఓడ ప్రొపెల్లర్లు కరెంటుతో తిరుగుతాయి కాబట్టి అవీ ఆగాయి. గాలి ఓడను రాళ్ల వైపు నెట్టుకుపోయింది. మళ్లీ ఒక ఇంజన్ అందుకునేసరికి, ఓడకూ నేల తగిలే చోటుకూ మధ్య మిగిలింది ఓడ పొడవంత దూరం కూడా కాదు. 479 మందిని హెలికాప్టర్లలో ఒక్కొక్కరినే పైకి లాగి ఒడ్డుకు చేర్చారు. దర్యాప్తులో తేలింది: ఇంజన్ల కింది నూనె ట్యాంకుల్లో మట్టం 28 నుంచి 40 శాతం మధ్య ఉంది. ఇంజన్ తయారీదారు చెప్పింది 68 నుంచి 75 శాతం.

ఆ 18 అలారాల్లో సముద్రం వాటా ఎంత, ఇంజన్ వాటా ఎంత? అల్లకల్లోల సముద్రంలో ఇంజన్ స్థితిని సిమ్యులేషన్‌తో, అంటే కంప్యూటర్‌లో నడిపే నకలు లెక్కతో, గమనించడం అని ఇప్పుడు షిప్పింగ్ రంగంలో గట్టిగా వినిపిస్తున్న మాట వెనకున్నది ఈ ప్రశ్నే. ‘డిజిటల్ ట్విన్’ అనే ముద్దుపేరు పెట్టి అమ్మేవాళ్లు దాన్ని మంత్రంలా చెబుతారు. అందులో మంత్రమేమీ లేదు. కూడికలు, తీసివేతలే ఎక్కువ.

మోకాళ్ల మెట్టు దగ్గర గుండె వేగం

అలిపిరి నుంచి నడిచి తిరుమల ఎక్కేవాళ్ల గుండె మోకాళ్ల మెట్టు దగ్గర నిమిషానికి 140 సార్లు కొట్టుకుంటే ఎవరూ కంగారుపడరు. అదే మనిషి ఇంట్లో కుర్చీలో కూర్చున్నప్పుడు 140 ఉంటే వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తారు. అంకె ఒకటే, మారింది మనిషి ఉన్న చోటు.

ఓడ ఇంజన్‌కి ప్రశాంత సముద్రం కుర్చీ లాంటిది, తుఫాను మెట్ల దారి. ఎగ్జాస్ట్, అంటే ఇంజన్ వదిలే పొగ, ఉష్ణోగ్రత పెరుగుతుంది, ఇంధనం ఎక్కువ తాగుతుంది, ఇంజన్‌లోకి గాలి నెట్టే టర్బోచార్జర్ గోల చేస్తుంది. వీటిలో చాలావరకు ఆ పరిస్థితికి మామూలే. కానీ నిజంగా జబ్బు చేసిన ఇంజన్ కూడా ఇవే లక్షణాలు చూపిస్తుంది. అలారం సిస్టమ్‌కి ఈ తేడా తెలియదు. దానికి తెలిసింది ఒకే ఒక గీత. దాటితే మోగుతుంది, దిగితే ఆగుతుంది.

సిమ్యులేషన్ చేయాల్సిన పని ఆ గీతను పరిస్థితిని బట్టి కదిలించడం. ‘ఇప్పుడున్న గాలికి, అలకి, వేగానికి ఆరోగ్యంగా ఉన్న ఇంజన్ అయితే ఎంత చూపించాలి?’ అని లెక్కకట్టి, నిజంగా చూపిస్తున్నదాంతో పోల్చడం. ఈ రెండింటి తేడాను ఇంజనీర్లు ‘రెసిడ్యువల్’ అంటారు. మనం శేషం అనుకుందాం. సముద్రం వాటా తీసేశాక మిగిలినది శేషం. జబ్బు దొరికితే అందులోనే దొరకాలి.

ప్రొపెల్లర్ గాల్లోకి లేస్తే ఇంజన్‌కి ఏమవుతుంది

పెద్ద సరుకు ఓడల్లో ఎక్కువగా ఉండేది నెమ్మదిగా తిరిగే టూ స్ట్రోక్ డీజిల్ ఇంజన్. గేర్లు, క్లచ్ ఏమీ లేకుండా నేరుగా షాఫ్ట్‌తో ప్రొపెల్లర్‌కి బిగించి ఉంటుంది. అంటే నీళ్లలో ప్రొపెల్లర్‌కి తగిలిన ప్రతి దెబ్బా సూటిగా ఇంజన్‌కే చేరుతుంది.

ప్రశాంత సముద్రంలో లెక్క సులువు. ప్రొపెల్లర్‌కి కావాల్సిన శక్తి దాదాపుగా వేగం ఘనానికి అనుపాతంలో ఉంటుంది. ఊహకి ఒక ఇంజన్ తీసుకుందాం: నిమిషానికి 100 చుట్ల దగ్గర 10,000 కిలోవాట్లు. 90 చుట్లకు దించితే 0.9ని మూడుసార్లు గుణించాలి, 0.729. అంటే 7,290 కిలోవాట్లు చాలు.

ఇప్పుడు ఎదురుగాలి, ఎదురు అలలు. ఓడ ముందుకు కదలడానికి మొరాయిస్తోంది. అదే 7,290 కిలోవాట్లు ఇచ్చినా ప్రొపెల్లర్ 86 చుట్లే తిరుగుతోంది. శక్తి మారలేదు, వేగం తగ్గింది కాబట్టి షాఫ్ట్ మీద మెలితిప్పే బలం, అంటే టార్క్, పెరగాలి. లెక్కేస్తే 774 కిలోన్యూటన్ మీటర్ల నుంచి 810కి, సుమారు 4.7 శాతం పెరిగింది. ఘాట్ రోడ్డు మీద బస్సు పై గేర్‌లోనే ఎక్కడానికి గింజుకున్నట్టు. ఓడలవాళ్లు దీన్ని హెవీ రన్నింగ్ అంటారు. ఓడ అడుగున నాచు, గుల్లలు పట్టినా అచ్చం ఇలాగే ఉంటుంది. తుఫాను వెళ్లిపోయాక కూడా అలాగే ఉంటే తప్ప ఆ రెండింటినీ విడదీయడం కష్టం.

ఇది సగటు లెక్క. అసలు చిక్కు సెకన్లలో జరుగుతుంది. ఓడ ముక్కు దిగి వెనక భాగం పైకి లేచినప్పుడు ప్రొపెల్లర్ పైభాగం నీళ్లలోంచి బయటపడుతుంది. బరువు ఒక్కసారిగా పోయి చుట్లు పెరుగుతాయి. గవర్నర్, అంటే వేగాన్ని అదుపులో ఉంచే యంత్రం, వెంటనే ఇంధనం కోసేస్తుంది. రెండు మూడు సెకన్లలో ప్రొపెల్లర్ మళ్లీ నీళ్లలో మునుగుతుంది. బరువు ఒక్కపెట్టున మీదపడితే గవర్నర్ ఇంధనం కుమ్మరిస్తుంది. కానీ ఆ ఇంధనం పూర్తిగా మండడానికి గాలి కావాలి. గాలిని అందించే టర్బోచార్జర్ అంత చురుగ్గా వేగం మార్చుకోలేదు. ఫలితం నల్లటి పొగ, వేడెక్కిన ఎగ్జాస్ట్. ఒక్కోసారి టర్బోచార్జర్ ‘సర్జ్’ అవుతుంది, గాలి వెనక్కి తన్ని తుపాకీ పేలినట్టు చప్పుడు వస్తుంది. మొదటిసారి విన్న కుర్ర ఇంజనీర్‌కి ఇంజన్ బద్దలైందేమో అని టెన్షన్.

ఆ చప్పుడు సముద్రం వల్ల వచ్చిందా, టర్బోచార్జర్‌లో మసి పేరుకుని వచ్చిందా? మళ్లీ అదే ప్రశ్న.

బోరు మోటారు, నూనె ట్యాంకు

వేసవిలో బోరులో నీళ్లు దిగిపోయినప్పుడు మోటారు గాలి పీలుస్తుంది. పైపులోంచి నీళ్లు కక్కుతూ, ఆగుతూ వస్తాయి. స్టార్టర్ డబ్బా మీది ముల్లు ఊగుతుంది. ఇది చూసిన రైతుకి ఓడలోని లూబ్ ఆయిల్ సమస్య వేరే చెప్పక్కర్లేదు. ఇంజన్ అడుగున సంప్ అనే ట్యాంకులో నూనె ఉంటుంది. పంపు దాన్ని పీల్చి బేరింగులకు పంపుతుంది. పీల్చే పైపు మూతి ఎప్పుడూ నూనెలో మునిగి ఉండాలి. బోరుకీ దీనికీ తేడా ఏమిటంటే ఇక్కడ బావే ఊగుతుంటుంది.

సోలాస్ అనే అంతర్జాతీయ భద్రతా ఒప్పందం ప్రకారం ఓడ కదలకుండా 15 డిగ్రీల దాకా ఒరిగి ఉన్నా, ఊగుతూ 22.5 డిగ్రీల దాకా వాలుతున్నా, అదే సమయంలో ముందుకీ వెనక్కీ 7.5 డిగ్రీలు ఊగుతున్నా ప్రధాన యంత్రాలు పనిచేయాలి. దీన్ని చిన్న లెక్కలో చూద్దాం. సంప్ వెడల్పు 2 మీటర్లు. పీల్చే మూతి మధ్యగీతకు 50 సెంటీమీటర్లు పక్కకు, అడుగు నుంచి 10 సెంటీమీటర్ల ఎత్తులో ఉంది. నూనె లోతు 60 సెంటీమీటర్లు.

ఓడ 22.5 డిగ్రీలు వాలి మూతి ఉన్న వైపు పైకి లేచింది. అక్కడ నూనె మట్టం సుమారు 21 సెంటీమీటర్లు దిగుతుంది. మిగిలింది 39. మూతి మీద ఇంకా 29 సెంటీమీటర్ల నూనె ఉంది. భయం లేదు.

అదే ట్యాంకులో నూనె లోతు 30 సెంటీమీటర్లే అనుకోండి. అదే వాలుకి మూతి దగ్గర మిగిలేది ఎనిమిది, తొమ్మిది సెంటీమీటర్లు. మూతి 10 దగ్గర ఉంది. పంపు గాలి పీలుస్తుంది.

ఓడ తిరిగి లేవగానే నూనె వెనక్కి వస్తుంది, అలారం పోతుంది. ‘కొన్ని సెకన్లలో దానంతటదే పోయింది’ అన్నదానికి అర్థం ఇదే. అలారం పోయినంత మాత్రాన సమస్య పోయినట్టు కాదు, ఓడ మళ్లీ నిటారైంది, అంతే. నిజం చెప్పాలంటే నా లెక్క మరీ మర్యాదస్తురాలు. నిజమైన ట్యాంకులో నూనె ఇలా అద్దంలా వాలదు. ఎగిసిపడుతుంది, నురగ కడుతుంది. మూతి దగ్గర సుడి పుట్టి, మట్టం మూతికంటే పైనే ఉన్నా గాలి లోపలికి పోతుంది. ఇవన్నీ పట్టాలంటే ద్రవ ప్రవాహాన్ని చిన్న చిన్న గడులుగా విడగొట్టి లెక్కకట్టే భారీ సిమ్యులేషన్లు కావాలి. 2024లో వచ్చిన వైకింగ్ స్కై తుది నివేదిక నూనె తక్కువ ఉండటంతో పాటు ఆ ట్యాంకుల డిజైన్‌ను కూడా తప్పుపట్టింది.

దీనికంటే విషాదమైన ఉదాహరణ ‘ఎల్ ఫారో’. 2015 అక్టోబర్ 1న బహామాస్ దగ్గర హోకిన్ హరికేన్‌లో మునిగిన అమెరికా సరుకు ఓడ. 33 మందిలో ఒక్కరూ మిగల్లేదు. అది ఆవిరి టర్బైన్ ఓడే అయినా నూనె కథ ఒకటే. పీల్చే మూతి మధ్యగీతకు 22 అంగుళాలు కుడివైపు ఉంది. ముందు ఓడ కుడివైపు ఒరిగింది. సరుకు నింపే ఒక హోల్డ్‌లోకి నీళ్లు వస్తున్నాయని తెలిసి, సంగతి చూడటానికి కెప్టెన్ ఓడను తిప్పి వాలును ఎడమవైపుకి మార్చాడు. మూతి ఉన్న వైపు పైకి లేచింది. కాసేపటికే ఇంజన్ శక్తి పోయింది. తర్వాత పరిశోధకులు ఆ సంప్‌ను కంప్యూటర్‌లో నమూనాగా కట్టి, ఎంత నూనె ఉంటే ఎంత వాలుకి మూతి బయటపడుతుందో లెక్కించారు. ‘ఈ ఓడ ఎడమకి ఒరిగితే కష్టం, కుడికి ఒరిగితే కొంత నయం’ అనే ముక్క ఆ రాత్రి బ్రిడ్జి మీద, అంటే ఓడను నడిపే గదిలో, నిలబడ్డ మనిషికి కావాల్సింది. అది దొరికింది దర్యాప్తు కాగితాల్లో.

ఒకే మాట, మూడు పనులు

‘సిమ్యులేషన్’ అనే మాటతో మూడు వేర్వేరు పనుల్ని పిలుస్తుంటారు. అక్కడే సగం గందరగోళం.

మొదటిది శిక్షణ సిమ్యులేటర్. నకిలీ కంట్రోల్ రూమ్, తెరల మీద ఇంజన్, టీచర్ దొంగచాటుగా పెట్టే లోపాలు. మెరైన్ ఇంజనీర్ పరీక్షలకు వెళ్లే మన పిల్లలు ఇంజన్ రూమ్ సిమ్యులేటర్ కోర్సు అనేది దీన్నే. రెండోది ఓడ కట్టకముందు డిజైన్ కోసం చేసేది. మూడోది, ఈ వ్యాసంలో మనకు కావాల్సింది, నడుస్తున్న ఓడ పక్కన నీడలా నడిచేది. ఓడలోని సెన్సార్ల నుంచి క్షణక్షణం సమాచారం తీసుకుని ‘ఆరోగ్యంగా ఉంటే ఎంత ఉండాలి’ అని చెప్పే నమూనా. డిజిటల్ ట్విన్ అనే పేరు దీనికే తగుతుంది. మొదటి రెండింటికీ కూడా అదే పేరు తగిలించి బ్రోషర్లు వేసేవాళ్లు ఉన్నారు.

ఇది ఎలా పనిచేస్తుందో ఊహాజనితమైన ఆరు సిలిండర్ల ఇంజన్‌తో చూద్దాం. ప్రశాంత సముద్రంలో ఎగ్జాస్ట్ ఉష్ణోగ్రతలు 350, 352, 349, 355, 351, 350 డిగ్రీలు. తుఫానులో అవే 372, 375, 371, 398, 374, 373 అయ్యాయి. అలారం గీత 430 దగ్గర ఉంది కాబట్టి ఏదీ మోగలేదు. ఇంధనం, వేగం, గాలి ఒత్తిడి, సముద్రపు నీటి ఉష్ణోగ్రత తీసుకుని నమూనా చెప్పింది: ఉండాల్సినవి 371, 373, 370, 376, 372, 371. తీసివేస్తే శేషాలు 1, 2, 1, 22, 2, 2. నాలుగో సిలిండర్ మొత్తం 43 డిగ్రీలు పెరిగింది. అందులో 21 సముద్రానిది, 22 దాని సొంతం. ఇంజెక్టరో, ఎగ్జాస్ట్ వాల్వో చూడాలి.

చక్కగా ఉంది కదా? అయితే ఇక్కడ నా ఉదాహరణలో ఒక కిటుకు ఉంది, ఒప్పుకుంటాను. అనుభవమున్న సెకండ్ ఇంజనీర్ ఏ సిమ్యులేషన్ లేకుండానే ‘నాలుగోది పక్కవాటికంటే ఎక్కువుందే’ అని కనిపెట్టేస్తాడు. మామూలు అలారం సిస్టమ్‌లు కూడా సగటు నుంచి తేడాను చూపిస్తాయి. పోల్చడానికి పక్కన తోటివాళ్లు ఉన్నచోట సిమ్యులేషన్ అవసరం అంతగా లేదు. దాని విలువ ఒంటరి భాగాల దగ్గర తెలుస్తుంది. ఒక్కటే ఉన్న టర్బోచార్జర్, ప్రొపెల్లర్ తోపును మోసే, ఒక్కటే ఉన్న థ్రస్ట్ బేరింగ్. గాలి ఒత్తిడి 2.4 బార్ ఉండాల్సింది 2.2 ఉంటే పోల్చడానికి పక్కన ఇంకోటి లేదు. నమూనాయే దాని తోటివాడు.

శేషం కనిపించాక ఇంకో ప్రశ్న అడగాలి. అలలతో పాటు పెరిగి, అలలతో పాటే తగ్గుతోందా? అయితే నమూనాకి సముద్రం సరిగా తెలియదేమో అని అనుమానించాలి. సముద్రం సద్దుమణిగినా శేషం అక్కడే కూర్చుందా? అప్పుడు ఇంజన్‌ని అనుమానించాలి.

ఈ రెండో పరీక్ష పట్టలేని జబ్బు ఒకటుంది: ప్రశాంతంగా ఉన్నప్పుడు ఏ గుర్తూ చూపించకుండా, ఊగితేనే బయటపడేది. తక్కువ నూనె సరిగ్గా అలాంటిది.

సగటు దాచేసేది

ఓడ నుంచి ఒడ్డుకి వెళ్లే సంప్రదాయ సమాచారం ‘నూన్ రిపోర్ట్’. మధ్యాహ్నానికోసారి రాసి పంపేది. కొత్త ఓడల్లో నిమిషానికోసారి సగటు తీసి పంపుతారు. చాలా వివరంగా ఉన్నట్టే అనిపిస్తుంది.

లూబ్ ఆయిల్ ఒత్తిడి మామూలుగా 4 బార్. ఒక నిమిషంలో ఒకే ఒక్కసారి, 3 సెకన్ల పాటు 1.5కి పడిపోయింది. ఆ నిమిషం సగటు ఎంత? 57 సెకన్లు 4 బార్, 3 సెకన్లు 1.5 బార్. సగటు 3.875. ఒడ్డున ఏసీ గదిలో కూర్చుని చూసేవాళ్ల తెర మీద అది 3.9. దాన్ని చూసి ఎవరికీ అనుమానం రాదు. బేరింగ్ మాత్రం ఆ 3 సెకన్లు చాలినంత నూనె అందకుండా తిరిగింది.

ఓడ అటూ ఇటూ ఒకసారి ఊగడానికి పట్టేది 10, 20 సెకన్లు. దాన్ని పట్టుకోవాలంటే సెకనుకి కనీసం ఒక కొలతైనా కావాలి. వాటిని ఓడ వాలు కొలతతో ఒకే గడియారం మీద కలపాలి. చెప్పినంత సులువు కాదు. ఇంజన్ సమాచారం ఒక కంపెనీ పెట్టెలో, ఓడ కదలిక సమాచారం బ్రిడ్జి మీద ఇంకో కంపెనీ పెట్టెలో ఉంటాయి. రెండింటి గడియారాలు కొన్ని సెకన్లు అటూ ఇటూ ఉంటే చాలు, వాలుకీ ఒత్తిడికీ ఉన్న సంబంధం చెరిగిపోతుంది.

ప్రశాంత సముద్రంలో చదువుకున్న నమూనా

ఓడ అడుగు భాగం, ప్రొపెల్లర్ల పనితీరు కొలవడానికి ఐఎస్ఓ 19030 అనే ప్రమాణం ఉంది. 2016లో వచ్చింది. పోలికలు న్యాయంగా ఉండాలని అది గాలి వేగం సెకనుకి 7.9 మీటర్లు దాటిన సమయాల్లోని కొలతలను పక్కన పెట్టమంటుంది. ఆ పనికి అది సరైన పద్ధతే. కానీ అలా వడపోసిన సమాచారంతోనే ఇంజన్ నమూనాకి కూడా చదువు చెబితే, తుఫాను అనేది దాని సిలబస్‌లోనే ఉండదు.

ఇంకో ఉదాహరణ, ఇంజనీరింగ్ విద్యార్థులకు తెలిసి ఉండేది. ఇటలీలోని జెనోవా విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన నౌకాదళ ప్రొపల్షన్ (ఓడను ముందుకు నడిపే యంత్రాల) డేటాసెట్. మెషీన్ లెర్నింగ్ ప్రాజెక్టులకు అందరూ ఉచితంగా వాడుకునేది. అందులో 11,934 వరుసలు ఉంటాయి. నిజమైన ఓడ మీద కొలిచినవి కావు, సిమ్యులేటర్ పుట్టించినవి. కంప్రెసర్ అరుగుదల 51 మెట్లు, టర్బైన్ అరుగుదల 26 మెట్లు, ఓడ వేగాలు 9. గుణించి చూడండి, 11,934 వస్తుంది. వేగాలు 3 నుంచి 27 నాట్ల దాకా ఉన్నాయి, ప్రతిదీ స్థిరంగా నిలిచాక తీసిన విలువ. ఊగే సముద్రం అనే గడి ఆ పట్టికలో లేదు. దాని మీద 99 శాతం కచ్చితత్వం సాధించామని రాసుకునే విద్యార్థి అబద్ధం చెప్పడం లేదు. ప్రశాంత సముద్రానికి 99 శాతం, అంతే.

అలాగని సిమ్యులేటర్ పుట్టించిన సమాచారం వద్దనుకోలేం. తుఫానులో కావాలని బేరింగ్ పాడుచేసి కొలతలు తీసుకునే ఓడ యజమాని ఎక్కడా దొరకడు. లోపాల ఉదాహరణలు కావాలంటే వాటిని సిమ్యులేషన్లోనే సృష్టించాలి. ఇందులో ఒక వలయం ఉంది: ఒక నమూనా పుట్టించిన లోపాలతో ఇంకో నమూనాకి చదువు చెబుతున్నాం. మొదటిది తప్పయితే రెండోది ఆ తప్పునే ఎంతో నమ్మకంగా అప్పజెబుతుంది.

ఇక్కడే రెండు వర్గాలు తలపడతాయి. భౌతిక సూత్రాలవాళ్లు అంటారు: దహనం, గాలి ప్రవాహం, నీటి నిరోధం సమీకరణాలుగా రాస్తే నమూనా ఎప్పుడూ చూడని తుఫానులో కూడా కొంతవరకు సరిగానే ఊహిస్తుంది, ఎందుకంటే సూత్రాలు వాతావరణాన్ని బట్టి మారవు. నిజమే. కానీ ఆ సమీకరణాల్లో పెట్టే పదుల కొద్దీ స్థిరాంకాలు ఇంజన్ తయారీదారు దగ్గరే ఉంటాయి, వాళ్లు సులువుగా ఇవ్వరు. పైగా వివరం పెరిగేకొద్దీ లెక్క నెమ్మదిస్తుంది. సెకను గడిచేలోపు సెకను లెక్క పూర్తికాకపోతే నీడ వెనకబడిపోతుంది. డేటావాళ్లు అంటారు: ఒక్కో ఇంజన్ ఒక్కో రకం, ఈ ఓడ గతమే ఈ ఓడకి మంచి గురువు. ఇదీ నిజమే. ఆ గతంలో గడ్డు సముద్రం ఎంత ఉందన్నదే సందేహం. రెండూ కలిపి, సూత్రాలతో అస్థిపంజరం కట్టి మిగిలిన తేడాని డేటాతో నింపే మధ్యేమార్గం ఎక్కువమందికి సబబుగా తోస్తోంది, నాకు కూడా. ఏ మార్గంలో వెళ్లినా నమూనా తన నమ్మకం ఎంతో కూడా చెప్పాలి. ‘ఇంత పెద్ద అలల్ని నేనెప్పుడూ చూడలేదు’ అని ఒప్పుకునే నమూనా, ప్రతిదానికీ అంకె చెప్పేదానికంటే మేలు.

ఇంజన్ రూమ్ నుంచి వచ్చే అభ్యంతరాలు

పాతకాలపు చీఫ్ ఇంజనీర్ల అసహనాన్ని ఛాందసం అని కొట్టిపారేయకూడదు. వాళ్ల మొదటి మాట: మాకు అలారాలు తక్కువై కాదు, ఎక్కువై చస్తున్నాం. కొత్త తెర ఇంకో పాతిక అలారాలు తెస్తే దాన్ని కూడా ‘చూశాం’ అని నొక్కేస్తాం. వైకింగ్ స్కైలో సెన్సార్లు పనిచేయకపోవడం కాదు సమస్య. అవి పనిచేశాయి, 18 సార్లు చెప్పాయి. రెండో మాట: సెన్సారే అబద్ధం చెబితే? షాఫ్ట్ టార్క్ కొలిచే పరికరాల సున్నా కాలక్రమంలో జరిగిపోతుంది. జబ్బు ఇంజన్‌దా, సెన్సార్‌దా అని తేల్చడానికి మళ్లీ మనిషే కిందికి దిగి చెయ్యి పెట్టి చూడాలి.

యజమానుల లెక్క వేరు. గంటల లెక్కన ఇంజన్ విప్పి చూసే బదులు, అవసరమైనప్పుడే విప్పితే ఖర్చు తగ్గుతుంది. ఓడల ప్రమాణాలు తేల్చే క్లాస్ సొసైటీలు కూడా, పద్ధతి సరిగా ఉంటే, స్థితిని బట్టి చేసే నిర్వహణను అంగీకరిస్తున్నాయి. అయితే ప్రశాంత సముద్రపు లెక్కల ఆధారంగా ‘ఇంకో ఆరు నెలలు విప్పక్కర్లేదు’ అని తేల్చి, ఆ ఓడను వర్షాకాలపు అరేబియా సముద్రంలోకి పంపితే, మిగిల్చిన డబ్బుకి బదులు ఎంత ప్రమాదం కొనుక్కున్నామో ఆ లెక్కలో ఉండదు.

దీనికి ఈ మధ్య ఇంకో మెలిక పడింది. కర్బన ఉద్గారాలు తగ్గించడానికి అంతర్జాతీయ నౌకా సంస్థ ఐఎంఓ తెచ్చిన నియమాలు 2023 నుంచి అమల్లోకి వచ్చాక, చాలా పాత ఓడలు ఇంజన్ శక్తికి పైపరిమితి పెట్టుకున్నాయి. ప్రాణాపాయం వస్తే కెప్టెన్ ఆ పరిమితిని ఎత్తేయొచ్చు. కానీ ఏళ్ల తరబడి తక్కువ శక్తితోనే నడిచిన ఇంజన్ పూర్తి శక్తి దగ్గర ఎలా ప్రవర్తిస్తుందో ఈ మధ్యకాలపు సమాచారం ఏదీ ఉండదు. నమూనా కూడా ఆ భాగాన్ని ఊహించాల్సిందే.

విశాఖ నుంచి చూస్తే

2020 అక్టోబర్‌లో వాయుగుండం సమయంలో లంగరు నిలవక, బంగ్లాదేశ్ ఓడ ‘మా’ విశాఖ తెన్నేటి పార్కు ఒడ్డుకి కొట్టుకొచ్చింది. అది ఇంజన్ కథ కాదు. కానీ గాలికి వదిలేస్తే అంత పెద్ద ఓడ కూడా ఎటు వెళ్తుందో బీచ్ రోడ్డులో నిలబడి జనం కళ్లారా చూశారు. ఈ రంగానికి కావాల్సిన రెండు చివర్లూ ఆ ఊళ్లోనే ఉన్నాయి. రక్షణ పరిశోధనా ప్రయోగశాల ఎన్ఎస్‌టీఎల్‌లో కృత్రిమ అలలు పుట్టించి ఓడ నమూనాల కదలికల్ని కొలిచే పెద్ద కొలను ఉంది. ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ ప్రాంగణం కూడా అక్కడే ఉంది. అలల్లో ఓడ ఎలా ఊగుతుందో లెక్కకట్టేవాళ్లూ, ఇంజన్ ఎలా మండుతుందో తెలిసినవాళ్లూ మామూలుగా వేర్వేరు శాఖల్లో ఉంటారు. తుఫానులో ఇంజన్ నమూనాకి వాళ్లిద్దరూ కావాలి.

మళ్లీ నార్వేకి. ఒక నీడ నమూనా ఆ ఉదయం నడుస్తూ ఉంటే ఏం చెప్పేది? ‘ఈ ఊగుకి, సరైన మట్టంలో నూనె ఉంటే, ఈ అలారం ఒక్కసారి కూడా మోగకూడదు’ అని. అదేమీ ఎవరికీ తెలియని రహస్యం కాదు, తయారీదారు సిఫారసులో ఉన్నదే. తేడా ఏమిటంటే ఆ వాక్యం తెల్లవారుజామున 5 గంటలకు, మొదటి అలారం పక్కనే కనిపించేది. జనరేటర్లు ఆగడానికి అప్పటికి దాదాపు 9 గంటల సమయం ఉంది.

కరెంటు పోయి ఓడ చీకటైపోయాక సిబ్బంది చేసిన పనుల్లో ఒకటి, నిల్వ ట్యాంకులోని లూబ్ ఆయిల్‌ని సంపుల్లోకి దించడం. కావాల్సిన నూనె ఓడలోనే ఉంది.